మా తాత ఉమ్మెయ్యని గుక్క

మా తాత పేరే తాతబాబు. అంటే ఉయ్యాల్లో వేసిన రోజు నుంచే ఆయన తాత. నేను పుట్టి ఆయనకు కొత్తగా ఇచ్చిన హోదా ఏమీ లేదు. ఈ మాట అన్నప్పుడల్లా చేతిలో ఉన్నది నా మీదికి విసిరేవాడు. ఆ చేతిలో ఎప్పుడూ వల ముక్కే ఉండేది కాబట్టి ఇద్దరికీ నష్టం లేకపోయేది.

మాది విశాఖపట్నం పక్కన యారాడ. కొండకు అటు ఓడరేవు, ఇటు మేము. మా తాత గురించి చెప్పాలంటే ముందు ఆయన ముఖం గురించి చెప్పాలి. ముక్కుకు రెండు పక్కలా రెండు లోతైన గీతలు, కాస్త ముందుకు వచ్చిన కింది పెదవి, ఎప్పుడూ సగం మూసుకునే ఎడమ కన్ను. బస్సు కండక్టరు టికెట్టు ఇచ్చినా అదే ముఖం, పెళ్లిలో లడ్డూ పెట్టినా అదే ముఖం. ఆయనది ఒకే ఒక్క ఫొటో మా ఇంట్లో ఉంది. ఎవరిదో పెళ్లి. పెళ్లికొడుకు పక్కన నిలబడి, ఆ పెళ్లికొడుకు కుళ్లిపోయిన చేప అయినట్టు చూస్తుంటాడు. లోకం మీద ఆయనకు కోపం లేదు. అసహ్యం, అంతే.

ఆ అసహ్యమే ఆయనకు ఊళ్లో ఒక పదవి తెచ్చిపెట్టింది.

మా ఊళ్లో ఎవరైనా ఇంకొకరి పడవ తాడు కోసినా, వల లాగే వంతు ఎగ్గొట్టినా, పక్కింటి కోడిని కూర చేసుకున్నా పెద్దలు కూర్చుని తప్పు వేసేవారు. నష్టం ఇచ్చుకోవడం తర్వాతి మాట. ముందు తప్పు పోవాలి. తప్పు పోవాలంటే, చేసినవాడు తన ఇంట్లో ఉన్న సారా తెచ్చి పెద్దల ముందు పెట్టాలి. కొని తెచ్చింది చెల్లదు, ఎవరినో అడిగి తెచ్చింది చెల్లదు. తన గడప లోపల ఉన్నదే తేవాలి. దాన్ని ఒకే ఒక్క మనిషి రుచి చూస్తాడు. ఆ మనిషి మింగితే తప్పు పోయినట్టు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఉమ్మేస్తే తప్పు ఉన్నట్టే. ఇంట్లో ఇంకోటి ఉంటే తేవాలి, లేకపోతే తప్పు అలాగే నెత్తిమీద ఉండిపోతుంది. ఆ రుచి చూసే మనిషిని మా ఊళ్లో నోటిపెద్ద అంటారు.

పాత నోటిపెద్ద పోయినప్పుడు, కొత్తవాడు ఎవరా అని పెద్దలు చుట్టూ చూశారట. అప్పటికి మా తాత మీసాలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఊరి పెద్ద గవర్రాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఈడికి ఏటి పెట్టినా నచ్చదు. ఈడు మింగినాడంటే అది మంచిదే అయ్యుంటాది," అన్నాడు.

ఆ పనిని మా తాత పూజారి గుడి పని చేసినట్టు చేశాడు. తప్పు సారా చూసే రోజు పొద్దున్నుంచి చుట్ట ముట్టడు, ఎండు చేప తినడు, మిరపకాయ ముట్టడు. మిగతా రోజుల్లో సారా జోలికే పోడు. తాగుబోతు నోటికి అన్నీ మంచివేనని ఆయన సిద్ధాంతం. పంచాయితీలో ముందు గంగమ్మ పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద పోస్తాడు. తర్వాత అరచేతిలో కొంచెం పోసుకుని రుద్ది వాసన చూస్తాడు. వల దారం ముక్క ముంచి అగ్గిపుల్ల గీస్తాడు. నీలంగా మండితే సారాలో సత్తువ ఉన్నట్టు, సుయ్యిమంటే నీళ్లు కలిపినట్టు. ఆ తర్వాతే పుక్కిట పోసుకోవడం. ఆయన బుగ్గలు ఉబ్బించి కూర్చుంటే ఒడ్డున కాకి కూడా అరిచేది కాదని మా మామ్మ చిట్టమ్మ అనేది. ఈ మాట మా మామ్మ పొగడ్తగా అనలేదు. మా మామ్మకు మా తాతను పొగిడే అలవాటు లేదు, మా తాతకు ఎవరినీ లేదు.

వాళ్లిద్దరి మధ్య ఒక పాత పేచీ ఉండేది. తరవాణి పేచీ. గంజి, కాస్త అన్నం కుండలో పోసి, రోజూ కొంచెం కొత్త గంజి కలుపుతూ పులియబెడితే తయారయ్యే నీళ్లనే మా వైపు తరవాణి అంటాం. పొద్దున్నే చద్దన్నంలో పోసుకుని ఉల్లిపాయ నంజుకుని తింటే, మధ్యాహ్నం వరకు సముద్రం మీద ఆకలి తెలియదు. మా తాత తల్లి జోగమ్మ పెట్టిన తరవాణి ఈ కొండకు అటూ ఇటూ ఎక్కడా లేదని తాత నమ్మకం. ఆవిడ పోయింది, ఆవిడ కుండా పగిలింది. మా మామ్మ కొత్త కుండ పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దూ తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఎడమ కన్ను సగం మూసి, "బాగానే ఉంది గానీ..." అనేవాడు.

"గానీ ఏటి?"

"అమ్మది కాదు."

"మీ అమ్మ కుండలో ఏటి ఏసిందో ఆవిడ ఉన్నప్పుడే అడగలేకపోనావా? ఇప్పుడు నన్ను సంపుతున్నావ్!"

అలా పొద్దున్నే తగువు. కానీ ఎంత మొహం పెట్టినా తాత ఆ తరవాణిని ఎప్పుడూ ఉమ్మలేదు. అది ఆయన పెట్టుకున్న ఇంకో నియమం. మందు ఉమ్మొచ్చు, మాట ఉమ్మొచ్చు, అన్నం నీళ్లు మాత్రం ఉమ్మకూడదు.

ఇక అసలు సంగతి. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నేను అప్పటికి పుట్టలేదు. మా మామ్మ చుట్టను అడ్డపొగ పెట్టి, అంటే మండే కొస నోట్లోకి పెట్టుకుని పీలుస్తూ, ఈ కథను ఎన్నిసార్లు చెప్పిందంటే, నేను అక్కడే ఏదో కుర్చీ కింద కూర్చుని చూసినట్టే ఉంటుంది. బీచి రోడ్డు మీద గురునాథరావు అనే ఆయన కొత్తగా ఒక హోటలు పెట్టాడు. పేరు 'బ్లూ లాంతర్'. మా వాళ్లంతా లాంతరు హోటలు అనేవారు. స్టీలు ప్లాంటుకు వచ్చిన రష్యా ఇంజనీర్లు, ఓడల మీద వచ్చిన దొరలు అక్కడికి వెళ్లేవారు. వాళ్లను ఆదివారాలు యారాడ తీరానికి తిప్పడానికి ఆయన ఒక మోటారు పడవ కూడా కొన్నాడు.

ఒక ఆదివారం ఆ పడవ, కవళ్ల చేపల కోసం వేసి ఉన్న వల మీదుగా పోయింది. వల అర్జునరావుది. అర్జునరావు మా మామ్మ తమ్ముడు, మా తాత బావమరిది. మోటారు రెక్కలకు చిక్కుకుని వల నడిమికి చీలిపోయింది.

గురునాథరావు మంచివాడే. కాదనలేదు, దబాయించలేదు. తనే కారు వేసుకుని కొండ మీదుగా మా ఊరొచ్చి, కొత్త వల ఇప్పిస్తానన్నాడు. అర్జునరావు చెయ్యి చాపబోయాడు. గవర్రాజు ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"ముందు తప్పు పోవాల బావూ. తరవాతే వల. తప్పు పోయేవరకూ ఆ సిరిగిన వలని కుట్టకూడదు, కొత్తది తీసుకోకూడదు. ఇది మా కట్టు."

"సరే. తప్పు పోవాలంటే ఏం చెయ్యాలి?"

చెప్పారు. గురునాథరావు ముఖం వెలిగిపోయింది. ఘాటు సరుకుకు ఆయనకు ఇంకా లైసెన్సు రాలేదట గానీ, వైను విషయంలో మాత్రం విశాఖపట్నంలో తన హోటలుకు సాటి లేదట. వైన్లకు ఒక లిస్టు ఉందట. ఓడ కెప్టెన్ దగ్గర కూర్చుని, ఒక్కో సీసా గురించి అడిగి రాయించుకున్నాడట. "అందులో ఏది నచ్చితే అది తాగండి. నా ఇంట్లో సరుకే కదా," అన్నాడు.

పెద్దలు దానికి ఒప్పుకున్నారు. అర్జునరావు మాత్రం తల అడ్డంగా ఊపాడు. బావ నోరు ఆయనకు తెలుసు. అవతల కవళ్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చే రోజులు. చిరిగిన వల ఇసకలో పడుంది. వల లేని మనిషిని ఏ పడవలోనూ ఎక్కించుకోరు. స్టీలు ప్లాంటు దగ్గర కాంట్రాక్టరు, సిమెంటు బస్తాల మోతకు సోమవారం రమ్మని కబురు పెట్టాడు. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి. సిమెంటు మాట ఎత్తితేనే ఆయన లేచి ఒడ్డు వైపు వెళ్లిపోయేవాడని మామ్మ చెప్పింది.

శనివారం మధ్యాహ్నం, హోటల్లో భోజనాలు అయిపోయాక నలుగురు వెళ్లారు. కొండ దిగి, రేవు దాటే పడవెక్కి, పాతపట్నం మీదుగా నడిచి. తాత, గవర్రాజు, అర్జునరావు, మామ్మ. మామ్మను ఎవరూ పిలవలేదు. పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని తనే వచ్చి కలిసింది. "నువ్వెందుకే?" అని తాత అడిగితే, "నువ్వు ఎవరి ఇంట్లో ఏటి సేత్తావో, ఒకరు సూడాల కదా," అందట.

ఎర్ర మఖమలు కుర్చీలు. తాత వాటిని చూసిన చూపుకే సగం రంగు వెలిసిపోయి ఉంటుంది. కూర్చోలేదు. కిటికీ పక్కన పెద్ద కుండీలో ఒక క్రోటన్ మొక్క ఉంటే దాని దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అర్జునరావు కుర్చీ అంచున, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు ఒదిగాడు. మామ్మ ఎంచక్కా కుర్చీలో బాసింపట్టు వేసుకుని అడ్డపొగ వెలిగించింది. నిప్పు కొస నోట్లో పెట్టుకోవడం చూసి గురునాథరావు రెండు అడుగులు వెనక్కి వేశాడట.

జలీల్ అనే కుర్రాడు లిస్టు పట్టుకొచ్చాడు. పాతపట్నం వాడు, అక్కడ సర్వరు. లిస్టుకు తోలు అట్ట, బంగారు రంగు తాడు. వాడు చుక్క తాగడు, వాళ్లింట్లో ఎవరూ తాగరు. కానీ ఆ లిస్టంతా వాడికి కంఠతా వచ్చు.

మొదట తెల్ల వైను. పొడుగు కాడ గ్లాసులో పోసి తాత చేతికి ఇచ్చారు. తాత దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇదేటి ఈ రంగు? జొరం వచ్చినోడిది..."

"ఏదో నాను సెప్పనా?" అంది మామ్మ.

"నువ్వూరుకో."

గంగమ్మ పేరు చెప్పి చుక్కలు నేల మీద వంచబోతే గురునాథరావు, "అయ్యో, తివాచీ!" అన్నాడు. తాత కుండీలో పోశాడు. అరచేతిలో రుద్ది వాసన చూశాడు. దారం ముంచి అగ్గిపుల్ల గీశాడు. సుయ్యిమంది.

"నీల్లు," అన్నాడు తాత.

"వైను మండదండీ," అన్నాడు గురునాథరావు. "ఎంత మంచిదైనా మండదు. ఇది ద్రాక్షపళ్ల రసం పులియబెట్టి చేసేది."

"మండదా? మరి ఎందుకు తాగుతారు?"

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. మా తాతకు వైను సంగతి ఓనమాలు తెలియదు. ఆయనకు తెలిసిన మందల్లా సారా ఒక్కటే. వరి చేనులో దిగి చెరుకు లేదేమని తిట్టేవాడిలా ఆయన ఆ లిస్టు మీద పడ్డాడు. పుక్కిట పోసుకున్నాడు, బుగ్గలు ఉబ్బించాడు, క్రోటన్ కుండీలో ఉమ్మేశాడు.

"కుంకుడు రసంలో పంచదార."

తర్వాత ఎర్ర వైను. జలీల్ చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. "తాతా, ఇందులో పాత చెక్క వాసన, తోలు వాసన, కొంచెం పొగాకు వాసన వస్తాయంట."

"ఓలమ్మ, సీసాలో ముసిలోడినేటైనా పెట్టినారేటి?" అంది మామ్మ.

తాత దాన్నీ ఉమ్మేశాడు. "కన్నం పడిన పడవ అడుగున నిలవున్న నీల్లు. ఛీ. నాలిక మీద బూజు పట్టేసినట్టుంది."

గోవా నుంచి వచ్చిన తియ్యటి వైను. "పిల్లలకి నులిపురుగుల మందు ఇలాగే ఉంటాది." ఉమ్మేశాడు. రష్యా వాళ్లు ఇచ్చిందట, నల్లగా చిక్కగా ఉన్న ఇంకొకటి. సీసా మీద అక్షరాలు తిరగేసి రాసినట్టున్నాయి. "కాగిన బెల్లం పాకంలో ఎవుడో కాళ్లు కడుక్కున్నాడు." ఉమ్మేశాడు. గులాబీ రంగుది ఒకటి తీసేసరికి బిరడా టప్పుమని పైకప్పుకు తగిలింది. అర్జునరావు బల్ల కింద దూరాడు. ఆ నురగ తాత నోట్లో ఆగలేదు, ముక్కులోంచి వచ్చింది.

గవర్రాజుకు చిక్కొచ్చి పడింది. "ఒరే తాతబాబూ, ముక్కులోంచి వత్తే మింగినట్టా, ఉమ్మినట్టా?"

"తుమ్మినట్టు," అన్నాడు తాత కళ్లు తుడుచుకుంటూ. "రాసుకో. ఇది మందు కాదు, తుమ్ము."

ఒక్కో సీసాకు అర్జునరావు ముఖం కొంచెం కొంచెం కిందికి దిగింది. గురునాథరావు ముఖం అయితే ఎర్ర వైను దగ్గర నుంచే తెల్లబోయి ఉంది. ఆ లిస్టు మీద ఆయన పెట్టుకున్న ప్రేమ అలాంటిది. తాత బల్ల మీది ఆఖరి సీసాలోది కూడా ఉమ్మేసి, మూతి పంచె చెంగుతో తుడుచుకుని, మొదటిసారి ఆయన వైపు తిన్నగా చూశాడు.

"బావూ, ఒకటి అడుగుతాను సెప్పు. ఇందులో నువ్వు ఏది తాగుతావు?"

గురునాథరావు సీసాల వైపు చూశాడు. "నేను తాగనండీ. నాకు పడదు. నేను మజ్జిగ మనిషిని."

"ఒక్కటీ?"

"రుచి చూశాను. ఒక్కటీ మింగుడు పడలేదు."

అంతవరకు తాత ముఖంలో ఉన్నది అసహ్యమే కాదని, అసలు అసహ్యం అప్పుడు వచ్చిందని మామ్మ చెప్పేది. లేచి నిలబడ్డాడు.

"నీ గొంతు దిగనిదాన్ని అట్ట కట్టి, తాడు కట్టి ఊరి మీద వదుల్తన్నావా? సారా కాసేవాడు కూడా ముందు తన నోట్లో పోసుకుంటాడు. థూ!" ఆ ఉమ్ము నోట్లో ఏమీ లేకుండానే పడింది.

గవర్రాజు తువ్వాలు దులిపాడు. ఇంట్లో ఉన్నదంతా చూశారు, ఏదీ మింగలేదు. తప్పు ఉండిపోయినట్టే. ఇక ఆ మనిషితో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. వలా లేదు.

అర్జునరావు మెల్లగా లేచాడు. తిట్టలేదు, బతిమాలలేదు. "పద బావా. సోమారం నాను సిమెంటుకి పోతాను. దానికేటి, గంప మోసినా మోతే, బస్తా మోసినా మోతే," అన్నాడు. అని మా మామ్మ ఖాళీ గంప తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు, ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నట్టు.

మామ్మ నోట్లో నిప్పు ఆరిపోయిందట.

తాత అర్జునరావును చూశాడు. గవర్రాజును చూశాడు. అబద్ధం చెప్పి ఏదో ఒకటి మింగెయ్యొచ్చు. ఎవరు తెలుసుకుంటారు? కానీ ఉమ్మేసినదాన్ని మళ్లీ నోట పెట్టుకునే కట్టు లేదు. ఆయన జలీల్ వైపు తిరిగి, "ఇంకేటీ నేదా?" అన్నాడు. ఇంతవరకు లేని మెత్తని గొంతు.

జలీల్ లిస్టు ఆఖరి పేజీ తిప్పాడు. "ఇంకొకటుంది తాతా."

"అది కాదు జలీల్!" అన్నాడు గురునాథరావు. "అది పాడైపోయింది. పారబొయ్యమన్నానా లేదా?"

"లిస్టులో కొట్టెయ్యలేదు సార్. సీసా కూడా వంటింట్లోనే ఉంది."

"తే," అన్నాడు తాత.

ఎవరో దొర ఒక గుక్క తాగి వద్దని తోసేసిన సీసా అది. ఎండాకాలమంతా వంటింటి కిటికీలో, పొయ్యి సెగ తగులుతూ, వదులు బిరడాతో నిలబడి ఉంది. మీద తెట్టు కట్టింది. పోస్తుంటే ఆ తెట్టు గ్లాసులోకి వెన్నపూసలా జారింది. గురునాథరావు ముక్కు మూసుకుని అటు తిరిగాడు. గవర్రాజు కూడా అటే తిరిగాడు. మామ్మ మాత్రం ముందుకు వంగింది.

తాత ఒక్క మెట్టు కూడా వదల్లేదు. గంగమ్మకు చుక్కలు వేశాడు. అరచేతిలో పోసుకుని రుద్దాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడంటే, అగ్గిపుల్ల గీయడం కూడా అర్జునరావు గుర్తు చేయాల్సి వచ్చింది. దారం సుయ్యిమని ఆరింది. అప్పుడు పుక్కిట పోసుకున్నాడు.

బుగ్గలు ఉబ్బాయి. ఎడమ కన్ను సగం మూసుకుంది. అందరూ క్రోటన్ కుండీ వైపు చూశారు. ఆయన కుండీ వైపు తిరగలేదు. ముక్కు పక్క గీతలు ఒక్కసారి లోతుగా ముడుచుకున్నాయి. తర్వాత, మామ్మ మాటల్లో, ఇస్త్రీ చేసినట్టు విప్పుకున్నాయి. గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది.



"మింగీసేవా?" అన్నాడు గవర్రాజు.

"మింగీసేను."

"అంటే మందు బాగున్నట్టా?"

"ఇది మందు కాదు. ఈ ఇంట్లో మంచి మందు ఒక్కటీ నేదు. అన్నీ ఛండాలం. నాను ఆ మాట మార్చను." తాత గ్లాసు కింద పెట్టాడు. "ఇది తరవాణి. మా అమ్మ తరవాణి. అన్నం నీల్లు ఎవుడైనా ఉమ్ముతాడేటి?"

గవర్రాజు గడ్డం గోక్కున్నాడు. కట్టులో ఉన్నది ఒకటే మాట, నోటిపెద్ద మింగాడా లేదా అని. ఏమనుకుని మింగాడన్నది ఎక్కడా లేదు. "తప్పు పోయినాది," అన్నాడు.

అర్జునరావు నెత్తిమీద గంపతోనే కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. గురునాథరావు అందరికీ మజ్జిగ తెప్పించాడు. దాన్ని కూడా తాత వాసన చూసే తాగాడు.

అందరూ సంతోషంగా ఉన్నారు, మా మామ్మ ఒక్కతే తప్ప.

"మీ అమ్మ తరవాణా?" అంది, తిరిగి వచ్చే పడవలో. "ఇన్నేళ్లు నాను గంజి పోసి, పొద్దు పొద్దున్నే కుండ కడిగి పెడితే ఒక్కనాడూ మీ అమ్మది అవనేదు. హోటలోడు పారబోసీదాం అనుకున్న పాసిపోయినది మీ అమ్మది అయిపోయిందేటి?"

"రుచి అలాగుంది మరి. నానేటి సేత్తాను?"

"ఆ నోరు సముద్రంలో కడుక్కో."



సోమవారం అర్జునరావు సిమెంటు మోతకు పోలేదు. గురునాథరావు మాట ప్రకారం వల ఇప్పించాడు. ఆ ఏడు కవళ్లు బాగా పడ్డాయి. హోటలు పడవ ఆ తర్వాత మా వలలకు అంత దూరంగా తిరిగేది. లిస్టులో ఆ ఆఖరి సీసా పేరును గురునాథరావు గట్టిగా రెండు గీతలు గీసి కొట్టేశాడట. మిగతావి అలాగే ఉంచాడు. దొరలు తాగుతూనే ఉన్నారు, డబ్బిస్తూనే ఉన్నారు.

మా తాతకు మాత్రం నోటిపెద్ద పదవిలో మునుపటి మర్యాద మిగల్లేదు. పాసిపోయిన వైను మింగాడని ఊరంతా పాకింది. తరవాత పంచాయితీలో ఎవడో తప్పు చేసినవాడు సారాకు బదులు తరవాణి కుండ తెచ్చి నవ్వుతూ ముందు పెట్టాడు. తాత కుండ మూత తీసి వాసన చూసి, "మా ఇంటిదే దీనికన్నా నయం," అని లేచిపోయాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా పంచాయితీకి పోలేదు. అర్జునరావు కోసమే మింగావు కదూ అని అడిగితే ఒప్పుకునేవాడు కాదు. పొరపాటున జారిపోయిందా అని అడిగితే అదీ ఒప్పుకునేవాడు కాదు. ఆ అసహ్యపు ముఖం పెట్టి, "రుచి," అనేవాడు.

"మా ఇంటిదే నయం" అనడం ఆయన నోట కొత్త మాట. దాని వెనక ఉన్నది మామ్మ నాకొక్కదానికే చెప్పింది, అదీ తాత పోయాక.

ఆ శనివారం హోటల్లోంచి బయటికొచ్చేటప్పుడు, అర్జునరావు నెత్తిమీది గంప లాక్కుని, ఆ తెట్టు కట్టిన సీసాను గంపలో గోనె కింద పెట్టేసింది. జలీల్ చూశాడు. చూసి, పైకప్పుకు తగిలిన బిరడా ఎక్కడ పడిందో వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. ఇంటికి వచ్చి, తాత బయట వల ఆరేస్తుంటే, సీసాలో ఉన్నదంతా తెట్టుతో సహా తరవాణి కుండలో వంచేసింది.

మూడో పొద్దుకు ఆ పులుపు కుండకు పట్టుకుంది. తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మామ్మ పొయ్యి ఊదుతున్నట్టు నటిస్తూ చూస్తోంది. ఎడమ కన్ను మూసుకోలేదు. గీతలు ముడుచుకోలేదు. గిన్నె ఖాళీ చేసి, మళ్లీ పెట్టమని ముందుకు జరిపాడు.

"ఇయ్యాల నీ సెయ్యి కుదిరినాదే," అన్నాడు.

అంతే. ఆయన జీవితంలో ఇంకొకరిని పొగడటం అదొక్కటే. ఆ రోజు నుంచి ఆ కుండను మామ్మ పూర్తిగా కడగలేదు. అడుగున కొంచెం ఉంచి, దాని మీదే కొత్త గంజి పోస్తూ వచ్చింది. తాత పోయే ముందు రోజుల్లో కూడా ఇంకేది పెట్టినా ముఖం తిప్పుకునేవాడు గానీ, ఆ తరవాణి నీళ్లు మాత్రం చెంచాతో పోస్తే మింగేవాడు.

"నోటిపెద్దంట, నోటిపెద్ద!" అని మామ్మ పొగ వదిలింది. "లాంతరు హోటలు వైను రోజూ తాగుతా కూడా పోల్చుకోనేదు."

"నిజం తెలిస్తే తాత ఏం చేసేవాడు మామ్మా? ఉమ్మేసేవాడా?"

మామ్మ కుండ మూత పెట్టి, దాని మీద బరువుకు రాయి పెట్టింది.

"ఎలా ఉమ్ముతాడు? అన్నం నీల్లు ఉమ్మకూడదని కట్టు పెట్టినోడు ఆడే కదా."